లోపలివైపు బోర్డు

నా బతుకంతా గోడల మీదే రాశాను.
ఎరువుల కొట్లు, ఎలక్షన్ గుర్తులు, సువార్త సభలు,
లంకల్లో పడవ రేవులకి పేర్లు,
"ఇచ్చట మూత్రము పోయరాదు".
చదివి రాసింది తక్కువ,
సున్నా గుండ్రంగా తిరిగితే చాలనుకునేవాణ్ణి.

గోగుల్లంక దాటాక కొత్తగా లేచిన రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు
నాలుగడుగుల రేకు తెచ్చి నా పాకలో పడేశారు.
పసుపు మీద నలుపు,
మూలన ఒక పుర్రె.
కాగితమంతా ఇంగ్లీషు,
ఉన్నది ఉన్నట్టు దించాలి.
పెద్దక్షరాల్లో అమ్మోనియా అని కూడబలుక్కున్నాను.
పక్కన ఒక అంకె, టన్నులు.
కింద ఆరు వరసలు.
ఇవేటండీ అంటే
"నీకెందుకయ్యా సువర్ణరాజూ,
ఇన్‌స్పెక్టరు చూసుకోడానికి" అన్నాడు మేనేజరు.
ఆయ్, అన్నాను.

బోర్డు బిగించారు,
గేటుకి, లోపలివైపు.
రోడ్డుకి దాని వీపు కనపడేది,
నాలుగు బోల్టులు, ఒక తుప్పు మరక.
ఆరొందలిచ్చారు. తీసుకున్నాను.

గోదారి ఏదీ దాచదు మాకు.
ధవళేశ్వరం దగ్గర ఎంత నీరుందో
రేడియో చెబుతుంది, టముకు చెబుతుంది,
ఒకటో హెచ్చరికకి గొడ్లు విప్పాలి,
రెండోదానికి బియ్యం అటకెక్కాలి,
మూడోది వినకముందే ముసలోళ్లు పడవెక్కాలి.
ఇది బళ్లో చెప్పని పాఠం, పిల్లలందరికీ వచ్చు.
ఫ్యాక్టరీ గొట్టంలో ఉన్నదానికి మాత్రం
ఊళ్లో పేరే లేదు.
రొయ్య తలలు వలిచే వరహాలమ్మ
ముక్కు ఎగబీల్చి అడిగితే
"ఫినాయిలులే" అనేవారు.

కార్తీకం వెళ్లిన వారం,
రాత్రి పదకొండు దాటాక
ఊరంతటి కళ్లలో ఎవరో కారం కొట్టారు.
కాలవగట్టు పట్టుకుని అందరం పడమరకి పరుగెత్తాం.
గాలి కూడా అటే పరుగెత్తుతోంది.
మాకంటే అది జోరుగా పరుగెత్తగలదని
ఒక్కరికి తోచలేదు.

తెల్లారాక గేటు బార్లా తీసి ఉంది.
అమలాపురంలో కెమిస్ట్రీ చదివే దీవెన
బోర్డు ముందు నిలబడి
ఒక్కో వరసా తెలుగులో చెప్పింది.
గాలి వెళ్లే దారిలో పోవద్దు, అడ్డంగా తప్పుకోండి.
ముక్కుకి తడిగుడ్డ కట్టండి.
కళ్లు పావుగంట నీళ్లతో కడగండి.

నీళ్లు!
మూడు పక్కలా నీళ్లున్న ఊరు.
కాలవ పక్కనే దగ్గుకుంటూ పరుగెత్తిన ఊరు.
చేపలకి తప్ప ఎవరికీ తడవలేదు ఆ రాత్రి.
ఆరు వరసలూ నా చేతి రాతే.
అక్షరాలు బాగానే వచ్చాయి.

తర్వాత అర్జీ పెట్టాం.
ఎంత నిల్వ ఉంది, ఎక్కడుంది,
మళ్లీ వస్తే ఏం మోగుతుంది, ఎటు పోవాలి.
రెండు నెలలకి జవాబొచ్చింది:
వ్యాపార రహస్యం, వెల్లడించలేము.
గొంతు కాలిన వరహాలమ్మ
అప్పట్నుంచీ గుసగుసగానే మాట్లాడుతుంది.
ఆ కాగితం చదివించుకుని
దీవెన చెవి దగ్గర నోరు పెట్టి అంది:
"రహస్యం వాళ్లదేటే? గట్టిగా చెప్పలేందాన్ని నేను కదా."

లాకుల గోడ మీద రాశాను.
అడుగున్నర అక్షరాలు, తెలుగు,
పడవలోంచి కూడా కనపడేట్టు.
ఎవడో రాత్రికి రాత్రి సున్నం కొట్టాడు.
మళ్లీ రాశాను.
మూడోసారికి వాళ్ల సున్నం అయిపోయిందో
సిగ్గే వచ్చిందో, వదిలేశారు.
రేవులో బట్టలుతుకుతూ ఆడోళ్లు
ఇప్పుడు దాన్ని పాటం అప్పజెప్పినట్టు చదువుతారు,
మధ్యలో నా ఒత్తులు తప్పని నవ్వుతారు.

ఒక్కచోట ఖాళీ వదిలాను.
"నిల్వ" అని రాసి, రెండు చుక్కలు పెట్టి,
మూడంకెలు పట్టేంత జాగా, ఆ తర్వాత "టన్నులు".
ఫ్యాక్టరీలో కొత్త ట్యాంకు దింపారు మొన్న,
పాతదానికి రెండింతలుంది.
పిల్లలు ఆ ఖాళీలో బొగ్గుతో
వాళ్ల క్రికెట్ స్కోర్లు రాసుకుంటున్నారు.
తుడవను.
నెలకోసారి గేటు దగ్గరికెళ్లి
అంకె ఎంతండీ అని అడుగుతాను,
జేబులో సన్న బ్రష్షు, చేతిలో నల్ల రంగు డబ్బా.
వాచ్‌మన్ నన్ను చూడగానే
కుర్చీ లోపలివైపు తిప్పుకుంటాడు.